తల వాటా

ఆశన్నకు కోపం రావడం కొత్త కాదు. కూరలో ఉప్పు తక్కువైతే కోపం, ఎక్కువైతే కోపం, సరిగ్గా కుదిరితే వండినవాడు మురిసిపోతున్నాడని కోపం. అయితే ఆ శుక్రవారం పొద్దున రాస్ అల్ ఖైమా కొండల కింద, గులకరాళ్ల మైదానంలో రెండు కాళ్లూ పాతేసినట్టు నిలబడి అతను తెచ్చుకున్న కోపం వేరు. అది నడినెత్తిన పుట్టి అరికాళ్ల దాకా దిగింది. దిగి అక్కడే ఆగిపోయింది. ఎందుకంటే ఆ కాళ్లను కదపకూడదు. కదిపితే జింక పోయినట్టే.

జింక ఎక్కడికీ పోలేదు. పాపం, చచ్చి పడి ఉంది. పోయేది దాని తల. ఆ తల గొడవ తెలియాలంటే కాస్త వెనక్కి నడవాలి.

డెబ్బై ఎనిమిదో ఏడు చలికాలం అది. ఆశన్న జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చి, కంకర మిషన్‌లో రాళ్లు పోసే పనిలో ఉన్నాడు. పగలంతా కొండను పిండి చెయ్యడం, సాయంత్రం రేకుల గదిలో మంచం మీద కూర్చుని వేట కథలు చెప్పడం. తాను కొట్టిన అడవిపంది కొవ్వుతో ఊరి దీపాలన్నీ కార్తీకమంతా వెలిగాయట. ఒక కుందేలు ఎంత జోరుగా ఉరికిందంటే, దాన్ని తరిమిన తూటా ఆయాసపడి చెట్టు నీడన కూలబడిందట. పులి ఎదురైతే చేతిలో తుపాకి లేక, బీడీ ఇచ్చి సాగనంపాడట. ఆ పులి మర్నాడు అగ్గిపెట్టె కోసం మళ్లీ వచ్చిందట.

గదిలో అందరూ పడీపడీ నవ్వేవాళ్లు. నవ్వడం వరకు ఆశన్నకు ఇష్టమే. నవ్వు అయ్యాక పక్క మంచం పర్శరాములు నింపాదిగా అడిగే మాటే గిట్టదు.

"గవన్ని సరే ఆశన్నా, నిజంగ ఎన్నడన్న ఒక్క పిట్టనన్న కొట్టినవా?"

కొట్టాడు. నిజంగానే కొట్టాడు. పందుల్ని, కుందేళ్లను, ఒకసారి దుప్పిని. కానీ ఆ నిజాలు మరీ చిన్నవి. చెప్పడం మొదలుపెట్టేలోపే అయిపోయేవి. అందుకని వాటికి కాస్త మేత వేసి పెంచాడు. పెంచగా పెంచగా అవి ఎంత బలిశాయంటే, వాటి కింద అసలువి నలిగి కనబడకుండా పోయాయి. పర్శరాములు పక్క ఊరివాడే. వాడే నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారు?

కాబట్టి ఫోర్మెన్ త్రిమూర్తులు వేటకు రమ్మన్నప్పుడు ఆశన్న ఎగిరి గంతేశాడు.

త్రిమూర్తులు కాకినాడ వైపు మనిషి. కంపెనీ అర్బాబ్, అంటే అందరి వీసాలకూ యజమాని అయిన అరబ్బు, పేరు సయీద్. తాను కాలేజీలో ఉన్నప్పుడు తుపాకి పోటీల్లో కప్పులు గెలిచానని ఆయన దగ్గర త్రిమూర్తులు ఎన్నిసార్లు చెప్పాడో, ఆయన విసిగిపోయి తన తండ్రి కాలం నాటి తుపాకి తీసి చేతిలో పెట్టాడు. చక్కటి తుపాకి. పేల్చే మీట చుట్టూ ఇనుప కడియం ఉంటుంది. దాన్ని కిందికి గుంజి పైకి నొక్కితే, కాలిన తూటా గొట్టం ఎగిరిపడి కొత్తది దానంతటదే ఎక్కుతుంది. ఊళ్లో మందు కూరి, గుడ్డ కూరి, దేవుణ్ణి తలుచుకుని పేల్చే బర్మారు తుపాకి తప్ప ఎరగని ఆశన్న దాన్ని చూసి, చంటిపిల్లను చూసినట్టు మురిసిపోయాడు.

గురువారం మధ్యాహ్నం మిషన్ ఆగగానే ముగ్గురూ బయలుదేరారు. బండి నడిపేది గులాం మొహిద్దీన్, కడప మనిషి. జింక పడితే ప్రాణం పోకముందే బిస్మిల్లా చెప్పి కోయాల్సింది కూడా అతనే. లేకపోతే క్యాంపులో సగం మంది ముట్టరు. కొండ మొదట్లో వాగు ఇసుకలో పడుకుని, తెల్లవారగానే లేచారు.

త్రిమూర్తులు వేట చూసి తీరాల్సిందే. నాలుగు జింకలు మేస్తూ కనిపించాయి. కడియం గుంజడం, పేల్చడం, కడియం గుంజడం, పేల్చడం. కుట్టుమిషన్ తొక్కినట్టే ఉంది. రాళ్లు లేచాయి, దుమ్ము లేచింది, కొండ మీది కాకులు లేచాయి. జింకలు మాత్రం ఎవరి మీద కాలుస్తున్నారో అర్థంకాక ఒక్క క్షణం ఆగి, తర్వాత తీరిగ్గా వెళ్లిపోయాయి.

"ఈ తుపాకీ ఎడంపక్కకి లాగేస్తందిరా," అన్నాడు త్రిమూర్తులు.

"అవు సార్. గాలి గూడ ఎడమకే ఉన్నది. ఇంక ఆ జింకలైతే మొత్తం ఎడమచేతి వాటంవే," అన్నాడు ఆశన్న.

"ఎటకారాలాపి ఇది పట్టుకో. నేనలా బండల ఎనక్కెళ్లొస్తాను," అని తుపాకి చేతికిచ్చి, నీళ్ల డబ్బా పట్టుకుని ఫోర్మెన్ బండల చాటుకు వెళ్లాడు. మొహిద్దీన్ దూరంగా బండి దగ్గర టీ కాస్తున్నాడు.

అప్పుడు కనిపించింది. ఒంటరి జింక. అక్కడి వాళ్లు ఘాఫ్ అంటారు గానీ అది మన జమ్మిచెట్టే, ఆ చెట్టు కింద నిలబడి ఆశన్నకేసి చూస్తోంది. మన దుప్పి పక్కన నిలబెడితే మేకపిల్ల అనుకుంటారు, అంత సన్నం. ఆశన్న మెల్లగా కడియం గుంజాడు. టక్కుమని చప్పుడైంది. జింక ఉరకలేదు. చెవులు నిక్కించి ఒక అడుగు ముందుకు కూడా వేసింది. ఇంత కాలానికి ఒక జంతువు తనను వేటగాడిగా గుర్తించి మర్యాద చేస్తోందనుకున్నాడు ఆశన్న. ఊపిరి బిగబట్టాడు. ఒక్కటే దెబ్బ. జింక మోకాళ్ల మీదికి వంగి పక్కకు ఒరిగింది.

ఇప్పుడు ఆ కాళ్ల సంగతి.

ఆశన్న ఊళ్లో వేటకు ఒక కట్టు ఉంది. కొట్టినవాడు, కొట్టిన చోటు నుంచి కదలకూడదు. కుక్కలు ఉరకనీ, జనం ఉరకనీ, అతను మాత్రం కదలకూడదు. వేట పెద్దమనిషి నడిచి వచ్చి, అతని రెండు పాదాల మధ్య ఒక రాయి పెట్టి, "ఏటు ఈడిది" అనాలి. అప్పుడు జంతువు తల అతని వాటా. మిగతా మాంసం ఊరంతా పంచుకోవచ్చు, తల మాత్రం కొట్టినవాడి ఇంటికే వెళ్లాలి. ఆశన్న తండ్రి ఒకసారి మనుబోతును కొట్టి, సంబరం ఆపుకోలేక దాని దగ్గరికి ఉరికాడు. తిరిగి చూస్తే, అతను కొట్టిన చోట దొర కొడుకు నిలబడి ఉన్నాడు. పెద్దమనిషి ఆ కాళ్ల మధ్యే రాయి పెట్టాడు. తల గడీకి పోయింది. తండ్రి ఆ తర్వాత బతికినన్నాళ్లూ మనుబోతు మాంసం ముట్టలేదు. "ఏటు పడ్డంక కదలకు బిడ్డా, ఇల్లు అంటుకున్నా కదలకు," అని మాత్రం కొడుక్కి చెప్పి పోయాడు.

అందుకే ఆశన్న కదల్లేదు. తుపాకి చప్పుడు విని ఫోర్మెన్ బండల చాటు నుంచి ప్యాంటు పైకి లాక్కుంటూ వచ్చి, సరాసరి జింక దగ్గరికి ఉరికాడు. బండి కూడా అటే ఉరికింది.

"ఇటు రారి," అని అరిచాడు ఆశన్న. "ముందు ఇటు రారి. రాయి పెట్టుండ్రి."

ఎవరు వింటారు? మొహిద్దీన్ కత్తి తీసి, జింక ఇంకా కొట్టుకుంటుండగానే కోశాడు. కోస్తూ, "సార్, దీని చెవి సూడు, చీలిండాది," అనడం గాలికి వినిపించింది. "ముళ్లకంప చీరుంటదిలే," అన్నాడు ఫోర్మెన్. ఆపైన జింక మెడ మీద బూటు పెట్టి నిలబడి, మెడలోని కెమెరా తీసి మొహిద్దీన్ చేతికిచ్చాడు. ఒక ఫొటో. ఇంకో పక్క నుంచి ఇంకో ఫొటో. ఆశన్న రెండు పాదాల మధ్య నేల ఖాళీగానే ఉంది. ఎండ ఎక్కింది. కోపమూ ఎక్కింది.

చివరికి బండి అతని దగ్గరికి వచ్చి ఆగింది.

"ఏంట్రా, ఏ దేవుడికి మొక్కుకున్నావు ఒంటికాలి జపం?" అన్నాడు ఫోర్మెన్. "ఎక్కు."

"రాయి పెట్టు సార్. ఎక్కుత."

"రాయేంటెహె?"

"ఏటు నాది. రాయి పెట్టుండ్రి. తల నాకియ్యాలె."

ఫోర్మెన్ కిందికి దిగి, అతని చేతిలోంచి తుపాకి తీసుకుని కడియం గుంజాడు. కాలిన గొట్టం ఇసుకలో పడింది. "చూడు ఆశన్నా. తుపాకీ అర్బాబుది. ఇచ్చింది నాకు. ఇది పట్టుకోడానికి నీకు కాయితం లేదు. నువ్వు కాల్చావని తెలిస్తే నీ వీసా ఎగిరిపోద్ది. నీ మంచికే చెప్తున్నా, కొట్టింది నేను."

"మొహిద్దీన్ భాయ్, నువ్వు జూసినవు గద."

మొహిద్దీన్ స్టీరింగ్ తుడుచుకుంటూ, "నేను టీ సూస్తాండా అబ్బా. నన్నిందులోకి లాగాకు," అన్నాడు.

ఆశన్న తానే ఒక రాయి తీసి పాదాల మధ్య పెట్టుకుని బండెక్కాడు. దొంగ తనకు తానే సంకెళ్లు వేసుకున్నట్టు ఉంది ఆ పని. తన రాయి తానే పెట్టుకుంటే చెల్లదని అతనికి తెలుసు.

క్యాంపులో మధ్యాహ్నం పండగే. మసాలా వాసన మిషన్ దాకా కొట్టింది. ఫోర్మెన్ కుర్చీ వేసుకుని కూర్చుని, జింక ఎంత దూరంలో ఉందో, తాను గాలిని ఎలా లెక్కగట్టాడో, కొండ అవతలి నుంచి ఎలా కొట్టాడో చెప్పుకొచ్చాడు. జింక తల తన గది తలుపు పైన మేకుకు వేలాడదీశాడు. సాయంత్రం అర్బాబ్‌కు తుపాకి తిరిగి ఇవ్వడానికి వెళ్లి, ఆయనకూ అదే కథ, తలుపు మీది తలతో, చీలిన చెవితో సహా చెప్పి వచ్చాడు.

మధ్యాహ్నం తిండి దగ్గరే ఆశన్న ఆ కథంతా విన్నాడు. ఆ కథలో పసలేదు. అన్నిటికంటే అదే ఎక్కువ మండించింది. దొంగిలించినవాడు కనీసం బాగా చెప్పొద్దా? ఆపుకోలేక అందరి మధ్యలో లేచాడు.

"ఆ జింకను కొట్టింది నేను."

గది గదంతా నవ్వింది. పర్శరాములైతే చేతిలో ముక్క కింద పెట్టి మరీ నవ్వాడు. "బీడీ ఇచ్చినవా ఆశన్నా, దానిక్కూడ?"

"నవ్వుండ్రి. మీ నోట్లె ఉన్నది నా ఏటు. నమిలి మింగుండ్రి."

"కోపమెందుకు, కూసో. తల్లిగారింటికి వోయిన పెండ్లాం లెక్క అలుగుతవేంది. ఇగో, తొడ ముక్క దీసిపెట్టిన."

ఆశన్న పళ్లెం తోసేశాడు. పచ్చి ఉల్లిగడ్డతో రొట్టె తిని పడుకున్నాడు. ఆ సాయంత్రమంతా ఫోర్మెన్ గది వైపు కన్నెత్తి చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. మేకలు కాసిన కళ్లవి. చెవి ముల్లు చీరిందో, మనిషి గుర్తు పెట్టి కత్తిరించాడో చూడగానే తెలిసేది.

శనివారం పొద్దున మిషన్ ఇంకా మొదలవకముందే అర్బాబ్ బండి వచ్చింది. పక్కన ఆయన తల్లి కూర్చుని ఉంది. ముక్కు మీద బంగారు రంగు ముసుగు, నల్లటి శాలువా, చేతిలో కర్ర. ఆమె ఎన్నడూ క్యాంపుకు రాలేదు. అర్బాబ్ ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా ఫోర్మెన్ గది దగ్గరికి వెళ్లి, మేకు మీది తల దింపి, తల్లి ఒడిలో పెట్టాడు. ఆమె ఎడమ చెవి తడిమింది. నుదుటి మీది ఎర్రటి మచ్చ తడిమింది. అది మచ్చ కాదు, ఆమె తన చేతితో పెట్టిన గోరింటాకు. పాలు పోసి పెంచిన జింక. నెల కిందట ఖర్జూర తోట దడి దూకి పోయింది. ఆమె ఏడవలేదు. కర్రతో బండి తలుపు మీద ఒక్కటి కొట్టింది.

అర్బాబ్‌కు హిందీ బాగా వచ్చు. బొంబాయిలో వ్యాపారం చేసినవాడు. "ఎవడు కొట్టాడు?" అని అడిగాడు. గొంతు పెంచలేదు. అయినా మనుషులందరూ గదుల్లోంచి బయటికి వచ్చారు.

త్రిమూర్తులు మొహంలో నెత్తురు లేదు. అటూ ఇటూ చూశాడు. చూపు ఆశన్న మీద ఆగింది.

"వీడు, అర్బాబ్. ఈ ఆశన్న. నేను లేనప్పుడు నా తుపాకీ తీసి కాల్చేశాడు. తల నేను ఊరికే తగిలించానంతే."

అందరూ ఆశన్న వైపు తిరిగారు. తల అడ్డంగా ఊపితే చాలు. అందరి ముందూ నిన్న కథలు చెప్పింది ఫోర్మెనే. ఊపితే పని ఉంటుంది, వీసా ఉంటుంది. ఒప్పుకుంటే ఖలాస్, పెట్టె సర్దుకోవడమే. అదంతా ఆశన్నకు తెలుసు. కానీ ఒడిలో ఉన్న ఆ తలను చూశాడు. తండ్రి గుర్తొచ్చాడు. నిన్నటి నుంచి అరికాళ్లలో ఆగి ఉన్న కోపం అక్కడి నుంచి ఒక్కసారిగా పైకి లేచింది.

"అవు. నేనే కొట్టిన," అన్నాడు. అర్బాబ్‌కు తెలిసేలా హిందీలో మళ్లీ అన్నాడు. "మైనే మారా. ఏక్ గోలీ."

అప్పుడు పర్శరాములు ముందుకు దూకాడు.

"అర్బాబ్, వీని మాట నమ్మకుండ్రి," అన్నాడు వచ్చీరాని హిందీలో. "వీడు పులికి బీడీ ఇచ్చిన్నంటడు. పంది కొవ్వుతోని ఊరంత దీపాలు పెట్టిన్నంటడు. క్యాంపుల ఎవ్వలనన్న అడుగుండ్రి. ఏం జరిగినా నేనే జేసిన్నంటడు."

"నోర్ముయ్ పర్శరాములూ," అన్నాడు ఆశన్న.

"మొన్న వాన పడితే గూడ నేనే పడగొట్టిన్నన్నడు," అన్నాడు ఇంకొకడు.

"అబద్ధం. వాన సంగతి నేనన్లే."

మొహిద్దీన్ గొంతు సవరించుకుని అరబ్బీలో ఏదో చెప్పాడు. ఆ మొహం చూస్తేనే తెలుస్తోంది, అతనూ అదే పాట పాడుతున్నాడని. ఎవరికి టీ తప్ప ఏమీ కనబడలేదో, వాడే ఇప్పుడు సాక్షి.

అర్బాబ్ ఫోర్మెన్ వైపు తిరిగాడు. "నిన్న నా ఇంట్లో కూర్చుని నేనే కొట్టానన్నావు. ఇవాళ ఒక కూలివాడి చేత ఒప్పిస్తున్నావు. ఎంత భయపెట్టావు వీణ్ణి?"

"లేదు అర్బాబ్, నిజంగా వాడే," అన్నాడు త్రిమూర్తులు ఏడుపు గొంతుతో.

"నిజంగ నేనే," అన్నాడు ఆశన్న.

ఇద్దరూ ఒకే మాట చెప్పిన కొద్దీ అర్బాబ్‌కు త్రిమూర్తులు మీద ఒళ్లు మండింది. ఆశన్న కేకలు పెట్టాడు, గుండె చరుచుకున్నాడు, జమ్మిచెట్టు ఎక్కడుందో, తానెక్కడ నిలబడ్డాడో చెప్పాడు. "అది ఉరకలే. నన్నే జూసుకుంట నిలవడ్డది. ఒక అడుగు ముందుకు గూడ వచ్చింది," అన్నాడు. జనం నవ్వు ఆపుకోలేక మొహాలు తిప్పుకున్నారు. తూటా ముందుకు అడుగేసి వచ్చే జింక ఏ దేశంలో ఉంటుంది? అర్బాబ్ ఇక వినలేదు. త్రిమూర్తుల్ని రెక్క పట్టి మిషన్ వైపు లాక్కుపోయాడు. ఆ ఫోర్మెన్ ఆ వారమే ఫుజైరాలో కొత్తగా కడుతున్న పోర్టులో సిమెంటు బస్తాలు మోసే పనికి పోయాడు.

ముసలమ్మ మాత్రం బండిలోంచి మొహిద్దీన్‌ను పిలిచింది. ఆ మనిషి ఇప్పుడు ఏమన్నాడని అడిగింది. మొహిద్దీన్ అర్బాబ్ వెళ్లిన వైపు ఒకసారి చూశాడు. తర్వాత ఉన్నదున్నట్టు చెప్పాడు. ఉరకలేదట, చూస్తూ నిలబడిందట, అడుగు ముందుకు వేసిందట.

ఆమె కళ్లు ముసుగు వెనక నుంచి ఆశన్న మీద నిలిచాయి. చాలాసేపు. ఆ చూపులో దయ లేదు. తర్వాత ఏవో రెండు మాటలంది.

"మనిసి కనపడితే చాలు, అది అట్లనే వచ్చేదంట, ఖర్జూరం పెడతారని," అన్నాడు మొహిద్దీన్ నేల చూస్తూ. "నువ్వు చెప్పిందే నిజమంట. కొడుక్కి మాత్రం చెప్పదంట. తల నువ్వే పూడ్చాలంట."

ఆమె శాలువా అంచు చించి, తలను చుట్టి, బండి కిటికీలోంచి చాపింది. ఆశన్న రెండు చేతులతో అందుకున్నాడు. తల వాటా. అది చేతికొచ్చింది.

క్యాంపు వెనక నేల ఇనుములా ఉంది. ఆశన్న గడ్డపారతో పొడుస్తున్నాడు, రాళ్లు నిప్పులు కక్కుతున్నాయి. పర్శరాములు వచ్చి కాసేపు నిలబడ్డాడు. మెచ్చుకోలు కోసం వచ్చాడని వాడు నిలుచున్న తీరే చెబుతోంది.

"నీ పని నిలవెట్టినం. ఒక్క మంచి మాట అనరాదు?"

"ఎవలు నిలవెట్టుమన్నరు?" అన్నాడు ఆశన్న, గడ్డపార ఆపకుండా. "నా నోట్లకెల్లి ఒక్కటంటే ఒక్క నిజం ఎల్లింది. దాని గొంతు వట్టి పిసికిండ్రు అందరు గల్సి."

తలను గుంటలో పెట్టాడు. బట్ట కాస్త తొలగి, కత్తిరించిన చెవి కనబడింది. అతనికి ఇప్పుడు దాని మీద కూడా కోపం వచ్చింది. "నాలుగు కాళ్లిచ్చిండు గద దేవుడు," అన్నాడు దానితో. "ఉరకరాదానే. చేతిల తుపాకి కనవడలేదా? ఎవడు వడితే వాడు ఖర్జూరం వెడ్తడా?"

మట్టి కప్పాడు. కాలితో అదమలేదు, చేతితో అదిమాడు. తర్వాత పక్కన పడి ఉన్న రాయి ఒకటి తీసుకున్నాడు గానీ పెట్టలేదు. పర్శరాములుకు అందించాడు.

"పెట్టు."

పర్శరాములు రాయి వైపు చూశాడు. ఆశన్న వైపు చూశాడు. ఆశన్న గుంట మీద రెండు పాదాలూ ఎడంగా పెట్టి నిలబడి ఉన్నాడు. పర్శరాములుది పక్క ఊరే. ఆ నిలబడడం ఏమిటో వాడికి ఒకరు చెప్పక్కర్లేదు. మొహంలో నవ్వు మెల్లగా జారిపోయింది.

"అంటే నిజంగ నువ్వేనా?"

"రాయి వెట్టు."

వాడు వంగి, ఆ రెండు పాదాల మధ్య రాయి పెట్టాడు.

"సక్కగ వెట్టు," అని కసిరాడు ఆశన్న. "వంకర ఉన్నది."